పాత కామ్రీలో హీటర్ సరిగ్గా రావట్లేదు, హీటర్ కోర్ మార్చాల్సిందేనా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2005 టొయోటా కామ్రీ, 2.4 ఇంజన్, మొన్న సమ్మర్‌లో ఒక సీనియర్ దగ్గర కొన్నాడు, మిషిగన్‌లో ఉంటున్నాడు. జనవరి వచ్చి చలి ముదిరేసరికి హీటర్ ఏడిపిస్తోంది, రోడ్డు మీద పోతున్నంతసేపు గోరువెచ్చగా వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి కొడుతుంది. స్టార్ట్ చేసినప్పుడు డాష్‌బోర్డు వెనకాల నీళ్లు పారుతున్న సౌండ్ కూడా వస్తోందంట. దగ్గర్లో షాపులో చూపిస్తే హీటర్ కోర్ పోయింది, 1200 డాలర్లు అవుతుంది అన్నారంట. మార్పించాలా వద్దా అని అడుగుతున్నాడు.

ఇప్పుడే మార్పించొద్దు తమ్ముడూ. నువ్వు చెప్పిన రెండు లక్షణాలు, అంటే ఆగితే చల్లగా కదిలితే వెచ్చగా రావడం, లోపల నీళ్ల సౌండ్ రావడం, ఈ రెండూ కలిసి వస్తే నూటికి తొంభై సార్లు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోయి సిస్టమ్‌లో గాలి చేరిందని అర్థం. ముందు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ తీసి చూడు. తక్కువుంటే నింపి గాలి తీసేస్తే నీ హీటర్ చాలావరకు ఆ రోజే వచ్చేస్తుంది. కానీ అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది, ఆ కూలెంట్ ఎక్కడికి పోయింది అని. హీటర్ సంగతి కంటే నాకు ఆ విషయమే ఎక్కువ ముఖ్యం, నీకూ అదే ముఖ్యం కావాలి, ఎందుకంటే దాన్ని వదిలేస్తే హీటర్ కాదు, ఇంజనే పోతుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో పని నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చి ఉద్యోగం వేరే చేస్తున్నా వీకెండ్స్‌లో మన పిల్లల పాత కార్లు చూస్తూనే ఉంటాను. చలికాలం వస్తే సగం ఫోన్లు ఈ హీటర్ గురించే. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. పెట్రోల్ కారులో హీటర్ కోసం విడిగా మంట గానీ కాయిల్ గానీ ఏమీ ఉండదు, ఇంజన్ వేడెక్కితే ఆ వేడిని కూలెంట్ మోసుకొచ్చి డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి తిరిగి వెళ్తుంది, దాన్నే హీటర్ కోర్ అంటారు, బ్లోయర్ దాని మీదుగా గాలి ఊదుతుంది, అంతే. ఈ కూలెంట్‌ని తిప్పేది వాటర్ పంపు, నీ ఇంజన్‌లో అది బెల్టుతో తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ ఎంత స్పీడుగా తిరిగితే పంపు అంత గట్టిగా తోస్తుంది. హీటర్ కోర్ చాలా కార్లలో కొంచెం ఎత్తులో ఉంటుంది, కూలెంట్ తగ్గితే గాలి వెళ్లి అక్కడే కూర్చుంటుంది. రోడ్డు మీద పోతున్నప్పుడు పంపు జోరుకి ఆ గాలిని తోసుకుంటూ కొంత కూలెంట్ కోర్‌లోకి వెళ్తుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ జోరు చాలదు, కోర్ చల్లబడిపోతుంది. నీకు జరుగుతున్నది అదే అనిపిస్తోంది.

ఇక్కడే ఇంకో తేడా చెప్పాలి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుని ఉండిపోతే లక్షణం సరిగ్గా తిరగబడుతుంది. అప్పుడు ట్రాఫిక్‌లో, సిగ్నల్స్ దగ్గర వెచ్చగా ఉంటుంది, హైవే ఎక్కగానే చల్లబడిపోతుంది, ఎందుకంటే ఆ చలిగాలి రేడియేటర్‌కి కొడుతుంటే ఇంజన్ వేడి నిలవదు. టెంపరేచర్ ముల్లు కూడా మధ్యకి రాకుండా కిందే ఉండొచ్చు, చెక్ ఇంజన్ లైట్ వెలిగి పి0128 అనే కోడ్ రావచ్చు. చలిదేశంలో పాత కార్లకి ఇది చాలా కామన్, అందుకే ఎవరిని అడిగినా థర్మోస్టాట్ మార్చు అంటారు. నీ కేసులో మాత్రం నాకు మొదటి అనుమానం దాని మీద లేదు. ముల్లు చూసి కూడా మోసపోవద్దు, ఈ కార్లలో ముల్లు చాలా పెద్ద రేంజిలో కదలకుండా మధ్యలోనే నిలబడేలా పెడతారు. కారు కంప్యూటర్‌ని చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఇరవై డాలర్లకి దొరుకుతుంది, ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ నంబరే కనిపిస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక అది 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. హైవే మీద 60, 65కి పడిపోతుంటే అప్పుడు థర్మోస్టాట్ మార్చు, పెద్ద ఖర్చు కాదు, కాకపోతే మరీ చవకది కాకుండా కంపెనీదే వేయించు.

సరే, ఇప్పుడు క్యాప్ దగ్గరికి వద్దాం. చాలామంది చేసే పనేంటంటే బానెట్ ఎత్తి పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఫుల్ గీత దాకా ఉందని చూసి, కూలెంట్ ఓకే అని మూసేస్తారు. ఆ డబ్బా చూసి నమ్మొద్దు. నీ కారులో ఆ డబ్బా ప్రెషర్ లేని రిజర్వాయర్ మాత్రమే. ఇంజన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచించి క్యాప్ స్ప్రింగ్ ఎత్తుకుని డబ్బాలోకి పోతుంది, చల్లబడ్డాక లోపల వాక్యూమ్ ఏర్పడి డబ్బాలోంచి వెనక్కి లాక్కుంటుంది. క్యాప్ కింద రబ్బరు ఎండి చీలిపోతే వెనక్కి లాక్కోలేదు, దానికి బదులు గాలి పీల్చుకుంటుంది. అప్పుడు డబ్బా నిండుగా ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతూ ఉంటుంది. పోయినేడు ఒకబ్బాయి కారు సరిగ్గా ఇలాగే వచ్చింది. వేరే చోట థర్మోస్టాట్ మార్పించాడు, హీటర్ రాలేదు, మళ్లీ వెళ్తే వాటర్ పంపు అన్నారు. నేను పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి టార్చ్ వేస్తే లోపల రేడియేటర్ ట్యూబుల మూతులు పొడిగా కనిపిస్తున్నాయి, క్యాప్ తిప్పి చూస్తే కింది రబ్బరు రింగు సగం దాకా చీలి వేలాడుతోంది. కొత్త క్యాప్, కొంచెం కూలెంట్, గాలి తీయడం, అంతటితో అయిపోయింది. క్యాప్ పదిహేను డాలర్లు.

కాబట్టి రాత్రంతా ఆపి ఉంచిన కారుకి పొద్దున్నే చూడు. వేడి ఇంజన్ మీద క్యాప్ ఎట్టి పరిస్థితుల్లో తీయకు, ప్రెషర్‌తో మరుగుతున్న కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది, ఆటోనగర్‌లో అలా చేతులు కాలినవాళ్లని కళ్లారా చూశాను. గుడ్డ వేసి కిందకి నొక్కి మెల్లగా తిప్పు. కూలెంట్ మెడ దాకా ఉండాలి. రంగు చూడు, పింక్ గానీ ఎరుపు గానీ శుభ్రంగా ఉంటే మంచిది. టీ డికాషన్ లాగా ఉంటే లోపల తుప్పు పట్టింది, హీటర్ కోర్ మూసుకుపోయే ఛాన్స్ కూడా ఉందని లెక్క. పైన నూనె తెట్టు కడితే అది వేరే కథ, కింద చెప్తా.

ఎండాకాలంలో సీనియర్ కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసుంటాడేమో కనుక్కో, ఇది సీరియస్ విషయం. మన ఊళ్లో నీళ్లు పోసి నడిపేస్తాం, అక్కడ గడ్డకట్టే భయం లేదు కాబట్టి చెల్లుతుంది. మిషిగన్‌లో పల్చబడిన కూలెంట్ గడ్డకడితే కోర్ పగలొచ్చు, రేడియేటర్ పగలొచ్చు, ఇంజన్ బ్లాక్ (ఇంజన్ ప్రధాన భాగం) కూడా పగలొచ్చు. సగం యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా కాపాడుతుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదా అని నీళ్లు కలపకుండా ఉత్త యాంటీఫ్రీజ్ పోసేవాళ్లున్నారు, అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, అలా చేయొద్దు. ఆటో పార్ట్స్ షాపులో బాల్స్ తేలే చిన్న టెస్టర్ ఐదారు డాలర్లకి దొరుకుతుంది, కూలెంట్ పీల్చి చూస్తే ఎంత చలి దాకా ఆగుతుందో చెప్తుంది. ముందే సగం నీళ్లు కలిపిన రెడీమేడ్ డబ్బా, ఏషియన్ వెహికల్స్ అని రాసున్నది కొనుక్కో, లెక్కల గోల ఉండదు. ఆకుపచ్చది ఒకటి, ఆరెంజ్‌ది ఒకటి ఏది దొరికితే అది కలపొద్దు, కొన్ని రకాలు కలిస్తే మడ్డి కడతాయి, ఆ మడ్డి వెళ్లి చేరేది సన్నటి ట్యూబులున్న హీటర్ కోర్‌లోకే.

గాలి తీయడాన్నే మన షెడ్డుల్లో ఎయిర్ లాక్ తీయడం అంటాం. కారు ముందు భాగం ఎత్తులో ఉండేలా డ్రైవ్‌వే వాలు మీద పెట్టు. క్యాప్ తీసిన చోట బిగిసే పెద్ద గరాటు సెట్ దొరుకుతుంది, లేకపోయినా చేయొచ్చు గానీ ఉంటే సులువు. చల్లగా ఉన్నప్పుడే నింపి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఫ్యాన్ తక్కువలో పెట్టి స్టార్ట్ చెయ్. థర్మోస్టాట్ తెరుచుకునే దాకా, అంటే దగ్గర దగ్గర 80 డిగ్రీలు దాటే దాకా పెద్దగా ఏమీ జరగదు, ఆ తర్వాత గడగడమని బుడగలు వస్తాయి, లెవెల్ ఒక్కసారిగా కిందకి పోతుంది, మళ్లీ పోస్తూ ఉండు. గ్లవ్స్ వేసుకుని రేడియేటర్ పై పైపుని మెల్లగా నొక్కుతూ ఉంటే మిగిలిన గాలి కూడా వస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఆగు, బుడగలు పూర్తిగా ఆగిపోవాలి. క్యాప్ పెట్టి ఒక రౌండ్ తిప్పి తీసుకొచ్చి, మర్నాడు పొద్దున మళ్లీ చూసుకో, కొంచెం తగ్గి ఉంటుంది, అది మామూలే, నింపి డబ్బాలో ఫుల్ గీత దాకా పెట్టుకో. కింద ఒలికిన కూలెంట్ కడిగేయ్, అది తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, వాటికి విషం.

బుడగలు ఎంతకీ ఆగకపోతే మాత్రం అక్కడే ఆపు. ఇంజన్ లోపలి మంట గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందేమో, అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనున్న హెడ్‌కీ మధ్య సీల్) పోయిందేమోనని అనుమానం. దానికి బ్లాక్ టెస్ట్ అని ఉంటుంది, నీలం రంగు లిక్విడ్ ఉన్న ట్యూబ్ క్యాప్ దగ్గర పెడితే ఆ గ్యాస్ తగిలి పసుపు రంగుకి తిరుగుతుంది. పెద్ద ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని టూల్స్ ఇస్తారు, తిరిగిస్తే డబ్బులు వెనక్కి, ఈ కిట్ కూడా అక్కడ అడుగు. కూలెంట్‌లో నూనె తెట్టు, సైలెన్సర్‌లోంచి ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తియ్యటి వాసన తెల్ల పొగ, ఇవన్నీ అదే దారి చూపిస్తాయి. చలిలో స్టార్ట్ చేయగానే కాసేపు తెల్ల పొగ రావడం మాత్రం ప్రతి కారుకీ ఉండేదే, దానికి భయపడకు.

ఇప్పుడు అసలు సంగతి, కూలెంట్ ఎటు పోయింది. నీ 2.4 ఇంజన్ గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 2002 నుంచి 2006 దాకా వచ్చిన ఈ ఇంజన్లు కొన్నిటిలో హెడ్ బోల్టులు బిగిసే మరలు అల్యూమినియం బ్లాక్‌లోంచి ఊడి వచ్చేస్తాయి, ముఖ్యంగా వెనక వరసలో. మరలు ఊడితే హెడ్ బిగువు తగ్గి కూలెంట్ ఇంజన్ వెనక వైపునుంచి, అంటే ఇంజన్‌కీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) మధ్య సందులోంచి సన్నగా కారుతుంది. వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతుంది కాబట్టి కింద మరక కూడా కనిపించదు, పోసిన కూలెంట్ మాయమైపోతుంటుంది అంతే. టార్చ్ వేసి, ఫోన్ కెమెరా ఆ సందులోకి పెట్టి వీడియో తీసి చూడు, బ్లాకూ హెడ్డూ కలిసే గీత దగ్గర పింక్ గానీ తెలుపు గానీ పొడిలా పేరుకుని ఉంటే అదే. బ్లాక్‌కి కొత్త మరల ఇన్సర్ట్‌లు వేసి బాగు చేస్తారు, కానీ హెడ్ దించాలి, ఖర్చు కారు ధరకి దగ్గరగా వెళ్లొచ్చు. అందుకే అంటున్నా, ఈ సంగతి తేలకుండా హీటర్ కోర్ మీద 1200 పెట్టడం శుద్ధ దండగ.

అదే కారుతోందో, వాటర్ పంపు కారుతోందో, ఏదైనా పైపు క్లిప్పు వదులైందో తేల్చడానికి ప్రెషర్ టెస్టర్ పెట్టి చూడటమే సరైన దారి, అదీ డిపాజిట్ మీద దొరుకుతుంది. ఇంజన్ ఆపి చల్లగా ఉన్నప్పుడు క్యాప్ మీద రాసున్న ప్రెషర్ దాకా చేత్తో పంపు కొట్టి వదిలేయాలి, దాన్ని మించి కొట్టొద్దు. ఒక పావుగంట ముల్లు కదలకపోతే పైకి లీక్ లేదు, పడిపోతుంటే టార్చ్ పట్టుకుని వెతుకు, చుక్క ఎక్కడుందో కనిపిస్తుంది. ప్యాసింజర్ కాళ్ల కింద కార్పెట్ కూలెంట్‌తో తడి, లోపల తియ్యటి వాసన, అద్దం మీద ఎంత తుడిచినా పోని జిడ్డు పొర, ఈ మూడింట్లో ఏదున్నా అప్పుడు నిజంగానే హీటర్ కోర్ కారుతోంది, మార్చాల్సిందే, ఆ షాపువాళ్లు చెప్పింది కరెక్ట్ అవుతుంది.

కోర్ కారడం వేరు, మూసుకుపోవడం వేరు. మూసుకుపోయిందో లేదో తేల్చడానికి ఫైర్‌వాల్‌లోకి వెళ్లే రెండు సన్న పైపులు చాలు. ఇంజన్ బాగా వేడెక్కి, కూలెంట్ నిండుగా ఉండి, హీటర్ ఫుల్‌లో ఉన్నప్పుడు రెండూ జాగ్రత్తగా తాకి చూడు, బెల్టుకీ ఫ్యాన్‌కీ చేతులూ స్వెట్టర్ చేతులూ దూరంగా ఉంచు. వేడి కొలిచే గన్ ఉంటే ఇంకా మంచిది. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉండి రెండోది కొంచెమే తక్కువుంటే కోర్ బాగున్నట్టు, పది పదిహేను డిగ్రీల సెల్సియస్ తేడా మామూలే. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయింది. రెండూ గోరువెచ్చగానే ఉంటే తప్పు ఇంజన్ వైపే, అంటే కూలెంట్, గాలి, థర్మోస్టాట్, పంపు. రెండూ బాగా వేడిగా ఉండి లోపల మాత్రం చల్లగాలి వస్తుంటే డాష్‌బోర్డు లోపల వేడిగాలీ చల్లగాలీ కలిపే తలుపు కదలట్లేదు, నాబ్ తిప్పినప్పుడు టక టక మని సౌండ్ వస్తుంటే దాని చిన్న మోటార్ పళ్లు అరిగినట్టే.

మూసుకుపోయిందని తేలినా వెంటనే మార్చక్కర్లేదు, ముందు కడిగి చూడొచ్చు. పోయిన చలికాలం ఒక కుటుంబం మినీవ్యాన్ తెచ్చారు, డ్రైవర్ వైపు చల్లగా, ప్యాసింజర్ వైపు వెచ్చగా. వెనక చంటిపిల్ల సీటు. రెండు పైపులూ విప్పి తోట పైపుతో తక్కువ ప్రెషర్‌లో రివర్స్‌లో నీళ్లు పెడితే ముందు ఎర్రమట్టి నీళ్లు వచ్చాయి, తర్వాత రాగి రంగు పొలుసులు వచ్చాయి. పాత ఓనర్ రేడియేటర్ కారుతుంటే లీక్ ఆపే పౌడర్ ఏదో పోసినట్టున్నాడు. అటూ ఇటూ మార్చి తేట నీళ్లు వచ్చేదాకా కడిగాక రెండు వైపులా సమానంగా వేడి వచ్చింది. అందుకే ఆ లీక్ ఆపే మందులు పోయకు, లీక్ ఆగినా ఆగకపోయినా ముందు మూసుకుపోయేది హీటర్ కోరే. కడిగేటప్పుడు పాత పైపులు మెలితిప్పి లాగితే కోర్ మూతి విరుగుతుంది, పైపు నిలువుగా కోసి తీసి కొత్త ముక్క వేసుకోవడం మేలు. కడిగాక లోపల ఉత్త నీళ్లు మిగలకుండా ఊది, కూలెంట్ నింపాకే కారు బయట పెట్టు, ఆ చలిలో ఒక్క రాత్రి చాలు పగలడానికి.

వేడి బాగానే ఉండి గాలే తక్కువ వస్తుంటే గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడు, ఆకులు, దుమ్ముతో నిండిపోయి ఉంటుంది, నువ్వే మార్చుకోవచ్చు. బ్లోయర్ హై స్పీడ్‌లో మాత్రమే తిరుగుతుంటే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది, అదీ చిన్న పనే. వాటర్ పంపు రెక్కలు అరిగిపోయి నీకున్న లక్షణాలే రావడం కూడా ఉంటుంది, కానీ అది కూలెంట్ నిండుగా ఉండి, గాలి లేదని తేలాక ఆలోచించాల్సినది.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్లకి ఒక మాట. ఆంధ్రా, తెలంగాణల్లో బండి ఓవర్‌హీట్ అవుతుంటే థర్మోస్టాట్ వాల్వ్ తీసి అవతల పడేయడం షెడ్డుల్లో మామూలు. మా బంధువు అలాంటి కారుతోనే హైదరాబాద్ నుంచి లదాఖ్ వెళ్లి హీటర్ లేక చాలా ఇబ్బంది పడ్డాడు. ఇక్కడ మాత్రం ఎవరైనా సలహా ఇచ్చినా థర్మోస్టాట్ తీయించొద్దు, హీటర్ రాదు, ఇంజన్ వేడెక్కక పెట్రోల్ తాగుతుంది, ఇంజన్ ఆయిల్‌లో తేమ చేరుతుంది.

ఇది తేలే దాకా ఎలా నడపాలో కూడా చెప్తా. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ చూసుకుని బయల్దేరు, ట్రంక్‌లో ఒక గ్యాలన్ డబ్బా పెట్టుకో. గోరువెచ్చగా వస్తున్న హీటర్ ఉన్నట్టుండి పూర్తిగా చల్లబడి, అదే టైంలో ముల్లు పైకి పోతుంటే ఇంకో ఎగ్జిట్ దాకా అని లాగించకు, పక్కకి తీసి ఇంజన్ ఆపేయ్. కూలెంట్ అడుగంటిందన్నమాట, ఇంకో ఐదు నిమిషాలు నడిపితే హెడ్ వంకర పోతుంది. అద్దం పొగమంచు పోనంత బలహీనంగా హీటర్ ఉన్న రోజున మంచులో అసలు బయటికి తీయకు, ఫ్రెండ్ కారులో వెళ్లు, చలి ఓర్చుకోవచ్చు గానీ రోడ్డు కనపడకపోతే ఎవరికైనా ప్రమాదమే. వేడెక్కాలని గ్యారేజ్‌లో స్టార్ట్ చేసి వదలొద్దు, షటర్ తెరిచున్నా సరే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మంచు కురిసిన పొద్దున సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేశాకే స్టార్ట్ చెయ్. పైగా ఆపి ఉంచి ఐడిల్ చేస్తే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, ఒకట్రెండు నిమిషాలుంచి మెల్లగా నడిపితేనే తొందరగా వేడెక్కుతుంది.

రేపు పొద్దున క్యాప్ తీసినప్పుడు లోపల లెవెల్‌ది ఒకటి, క్యాప్ కింద రబ్బరుది ఒకటి, ఇంజన్ వెనక సందుది ఒకటి ఫొటోలు తీసి ఇక్కడే పెట్టు. రెండు సన్న పైపులు ఎలా ఉన్నాయో కూడా రాయి. షాపువాళ్లకి ఫోన్ చేసి ప్రెషర్ టెస్ట్ చేశారా, రెండు పైపుల టెంపరేచర్ ఎంత వచ్చింది అని అడుగు, ఆ నంబర్లు చెప్పలేకపోతే వాళ్లు కోర్ అని ఊహించి చెప్పారన్నట్టే.